అయ్యవారి పొడుం డబ్బీ

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంట్లో ఎవరికైనా గాలి సోకిందంటే, వేపమండల కంటే ముందు జ్వరం మాత్ర వెతికే మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లూ మొహమాటపడ్డాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో ఒక కాలేజీలో ట్యూటరుగా ఉండేవాణ్ణి. పాఠం చెప్పే పని కాదు. విద్యార్థులు రాసిన వ్యాసాలను వాళ్లచేతే చదివించి, వాళ్లచేతే సరిచేయించాలి. ఎర్రసిరా ముట్టేవాణ్ణి కాదు. ఆ పద్ధతి నాది కాదు, ఆళ్లగడ్డలో నాకు చదువు చెప్పిన అయ్యవారిది.

రాసినదాన్ని ఆయన ఎదుట నిలబడి గట్టిగా చదవాలి. వాక్యం ఎక్కడ కుంటిందో అక్కడ ఇత్తడి పొడుం డబ్బీతో బల్లమీద టక్కుమని కొట్టేవారు. ఏం తప్పో చెప్పేవారు కాదు. మనమే వెతుక్కుని, మార్చి, మళ్లీ చదవాలి. బాగుంటే నోటితో మెచ్చుకోవడం కూడా లేదు. డబ్బీ మూత తీసి చిటికెడు పొడుం పీల్చేవారు, అంతే. ఆ చిటికెడు కోసం మేము పడి చచ్చేవాళ్లం. నా చిన్నతనమంతా ఆ ఘాటులోనే గడిచింది. ఆయన మీద ఉన్నంత ప్రేమ నాకు మా నాయన మీద కూడా లేదేమో.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి చూసేవాణ్ణి. గోడను చూసినట్టే నన్నూ చూసేవారు. ఒళ్లుంది గానీ మనిషి లేడని ఊళ్లో అందరూ తేల్చేశారు. కూతురు సుంకమ్మక్క మాత్రం గంజి తాగిస్తూ ఆ రోజు ముచ్చట్లన్నీ ఆయనకు చెప్పేది.

ఒకసారి నన్ను సాగనంపుతూ అంది. "బాగయితాడని నేనేం ఆశపడల్యా అప్పా. నా మాట నాయనకు అందుతాందో లేదో, అది తెలిస్తే చాలు."

తలూపి బస్సెక్కాను.

ఆ ఏడు పరీక్షల ముందు సెలవులిచ్చారు. కాలేజీ బోసిపోయింది. అలాంటి ఒక మధ్యాహ్నం ఓబుళేసు అనే విద్యార్థి నా గదికి వచ్చాడు. చాగలమర్రి వైపు సేద్యగాళ్ల బిడ్డ. తన బాల్యం గురించి వ్యాసం రాసుకొచ్చాడు. అటెండరు అన్నానికి పోయాడు. వరండాలో మనిషి లేడు. గదిలో మేమిద్దరమే.

"మా తల్లి స్వర్గస్థురాలైన దినము నా జీవితమున మిక్కిలి దుఃఖకరమైన దినము" అని చదివాడు. నాకు ఆ వాక్యంలో లోపం కనిపించలేదు. నిండుగా ఉందనిపించింది కూడా.

అప్పుడే వెనక బెంచీ మీద టక్కుమంది. చెక్కమీద ఇత్తడి. ఆ చప్పుడు నాకు తెలుసు.

ఓబుళేసు ఆగిపోయి నా చేతుల వైపు చూశాడు. రెండూ నా ఒళ్లోనే ఉన్నాయి. "మీరు కాదు సార్. ఎనక నుంచి వచ్చె" అన్నాడు.

లేచి వెళ్లి బెంచీ కింద చూశాను, వరండా చూశాను. ఏమీ లేదు. ఎండకు చెక్క చిట్లి ఉంటుందిలే అన్నాను. కానీ పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. ఆ వాక్యం మార్చమన్నాను.

వాడు దాన్ని కొట్టేసి, పైన రాసి, నెమ్మదిగా చదివాడు. "మా అమ్మ పోయిన రోజు కూడా ఎనుముకు గడ్డి నేనే వేశాను."

వెనక మూత తీసిన అలికిడి అయింది. గది నిండా పొడుం ఘాటు. ఓబుళేసు తుమ్మడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. వాడికి గానీ నాకు గానీ ఆ అలవాటు లేదు.

అయ్యవారు పోయారనుకున్నాను. ఇలాంటి కథలన్నీ అక్కడికే చేరతాయి కదా. నాతోపాటు ఆ చప్పుడు విన్నవాడు కదా అని, సాయంత్రం బస్సుకు ఓబుళేసును కూడా వెంటబెట్టుకుని ఆళ్లగడ్డకు బయలుదేరాను. దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

సుంకమ్మక్క వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. "ఏందప్పా, చెప్పాపెట్టకుండా వస్తివి?" అంది. లోపల అయ్యవారు ఎప్పటిలాగే మంచం మీద గోడ చూస్తూ ఉన్నారు. నాకు సిగ్గేసింది. ఏం చెప్పాలో తోచక, ఈ పిల్లోడు అయ్యవారికి వ్యాసం వినిపిస్తాడట అన్నాను.

ఓబుళేసు మంచం పక్కన నిలబడి చదివాడు. భయానికి తడబడి, కొట్టేసిన పాత వాక్యమే చదివాడు. అయ్యవారి ఎడమచేతి వేలు లేచి మంచం పట్టెమీద కొట్టింది.

వాకిట్లో చేట చప్పుడు ఆగిపోయింది. సుంకమ్మక్క గుమ్మంలోకి వచ్చింది. మార్చిన వాక్యం చదవమని ఓబుళేసుకు సైగ చేశాను. చదివాడు. అయ్యవారి బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి. వణుకుతూ వణుకుతూ ఆ చెయ్యి ముక్కు దాకా వచ్చింది.

సుంకమ్మక్క మంచం కోడు పట్టుకుని కూలబడింది. "ఇన్ని దినాలూ నా సోదంతా వింటాంటివా నాయనా" అంది. ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత డబ్బీ యాడుందక్కా అని అడిగాను. ఆయన పడిపోయిన రోజే పెట్టెలో దాచి తాళం వేసిందట. తెచ్చి ఇచ్చింది. చిలుము పట్టి మూత బిగుసుకుపోయి ఉంది. నా వల్ల ఊడి రాలేదు.

అయ్యవారు ఆ తర్వాత కొంతకాలం బతికారు. సుంకమ్మక్క చివరి దాకా ముచ్చట్లు చెప్పింది. ఆళ్లగడ్డలో జరిగినదాంట్లో వింత లేదు. ఒళ్లు పడిపోయినా ఆయన బుద్ధి చెక్కుచెదరలేదు, అంతే. నంద్యాలలో ఆ బెంచీ మీద కొట్టిందెవరో మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఇది రాసి, అలవాటు కొద్దీ గట్టిగా చదువుకున్నాను. వెనక ఎక్కడా టక్కుమనలేదు. మూత తీసిన అలికిడీ లేదు.