సైదమ్మ విన్న మాట

మా వదిన సారమ్మది నడిగూడెం. భర్త పోయాక మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరింది. ఉడికిన వడ్లను గచ్చు మీద పరిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో కాళ్లతో తిరగేసే పని. ఆమె వెంట సైదమ్మ కూడా వెళ్లింది. ఇద్దరిదీ ఒకే వాడకట్టు. అక్కడ ఒకే గది, ఒకే పొయ్యి. వీళ్లను విడదీయడం దేవుడి తరం కూడా కాదని మేము నవ్వుకునేవాళ్లం. దేవుడిదాకా ఎందుకు, ఒక జబ్బు చాలింది.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో వదిన ముఖం మీద, ముక్కుకు రెండు పక్కలా ఎర్రటి మచ్చ లేచింది. ఎండలోకి వెళితే మంట. వేళ్ల కీళ్లు వాచి పొద్దున్నే జడ కూడా వేసుకోలేకపోయేది. కోదాడలో ఒకాయన వేడి చేసిందని మందిచ్చాడు. తగ్గలేదు. చివరికి సైదమ్మే బస్సెక్కించి హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. ఆ మేలు నేను కాదనను. అందుకే నాకు ఇంకా కోపం.

అక్కడి డాక్టరమ్మ రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"దీన్ని ల్యూపస్ అంటారమ్మా. రోగాలతో కొట్లాడే శక్తి మన ఒంట్లోనే ఉంటుంది. నీకు అది దారి తప్పి నీ చర్మం మీద, కీళ్ల మీద పడుతోంది. అదుపులో పెట్టుకోవచ్చు గానీ పూర్తిగా పోదు. మందులు నీ అంతట నువ్వు ఆపొద్దు. ఎండ తగలనియ్యొద్దు. ఇది ఎవరికీ అంటుకోదు."

"అంటే నేను సాదుకున్న కుక్కే నన్ను కరిసిందా అమ్మా?" అంది వదిన. డాక్టరమ్మ నవ్వి అవునంది. సైదమ్మ కూడా నవ్విందట.

మిల్లులో అప్పటికే అది కుష్ఠు అని పుకారు లేచింది. వదిన గుమస్తా దుర్గయ్య దగ్గరికి వెళ్లి, షెడ్డులో నూకలు చెరిగే పని ఇమ్మని అడిగింది. నీడ పట్టున పని. ఖాళీ ఒక్కటే ఉంది. అది దొరికితే మందులు వాడుకుంటూ తన కూడు తాను తింటుంది, లేదంటే మిల్లు విడవాల్సిందే. దవాఖాన చీటీ ఇంగ్లీషులో ఉంది. గుమస్తాకు ముక్క అర్థం కాలేదు.

"అంటుకోదని డాక్టర్ సెప్పిందా? ఎవలు ఇన్నరు?" అన్నాడు.

"సైదమ్మ ఇన్నది. నా పక్కనే ఉన్నది."

గుమస్తా సైదమ్మను పిలిపించాడు. కూలీలంతా చుట్టూ మూగారు. సైదమ్మ కొంగు సర్దుకుంది.

"నాకేమెరుక సారూ. నేను బయట కూసున్న. లోపల ఏం సెప్పిన్రో ఆమెకే ఎరుక."

వదిన ఆ సాయంత్రమే మూట కట్టింది. సోమవారం నుంచి ఆ షెడ్డులో చేట పట్టింది ఎవరనుకున్నారు? సైదమ్మే!

వదిన చివ్వెంలలో మా ఇంటికి వచ్చేసింది. సూర్యాపేట షావుకారు పంపే చింతపండుకు గింజలు తీస్తూ ఇంటి పట్టునే ఉండేది. మందులకు ముఖం ఉబ్బితే, కూర్చుని తిని బలిసిందన్న నోళ్లూ ఉన్నాయి. వాటికి జవాబు నేను చెప్పేదాన్ని. సైదమ్మ పేరు ఎత్తితే మాత్రం వదిన కళ్లు నిండేవి. "రోగం నన్ను గింత కొట్టలే పిల్లా" అనేది.

మరుసటి ఏడు సైదమ్మ మా ఇంటికి వచ్చింది. వదిన అరుగు మీద కూర్చుని మాత్ర వేసుకుని, గ్లాసు నోటికి ఆనించి సగం నీళ్లు తాగింది. సైదమ్మ ఆమె పక్కనే కూలబడింది.

"బుగులైందక్కా. నాకు గిట్ల అంటుకుంటదేమోనని బుగులైంది. గందుకే గట్ల అన్న. మాఫ్ చెయ్యి."

ఏడ్చి ఏడ్చి ఆమెకు ఎక్కిళ్లు పట్టాయి. సైదమ్మ వదిన చేతిలోని గ్లాసు అందుకుని, ఆ ఎంగిలి నీళ్లే గటగటా తాగేసింది.

వదిన ఖాళీ గ్లాసు వైపు చూసింది. తర్వాత సైదమ్మ తడి మూతి వైపు చూసింది.

"అంటుకోదని నీకు ఎరుకే," అంది. "గీ నీళ్లు ఆనాడు గుమస్తా ముంగట తాగితే అయిపోతుండె గదనే."