పోచయ్య చెప్పిన బస్సు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో పోచయ్యను దారి అడగని వాళ్లు అదృష్టవంతులు. అడిగిన నిర్భాగ్యుల్లో నేనొకణ్ణి.

ఆయన అక్కడే ఒక ప్రెస్సులో పెళ్లి కార్డులు అచ్చువేసేవాడు. ఇల్లు మీర్‌పేట్‌లో. ఉద్యోగానికి ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగిన మనిషి కాబట్టి బస్సుల గురించి ఆయనకు తెలియని విషయం లేదు. తెలిసిన వాటిలో సగం తప్పు, అంతే. రూట్లు మారినా ఈయన మారడు. పైగా ‘తెల్వదు’ అనే మాట ఆయన నోట రాదు. దారి అడిగిన వాణ్ణి తెలియదని పంపించడమంటే, ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్లివ్వకుండా పంపించడమేనని ఆయన నమ్మకం. కోఠి దవాఖానకు పోవాల్సిన సొంత మరదలిని సంఘీ గుడి బస్సెక్కించిన ఘనుడు. ఆమె సాయంత్రం వచ్చి తిట్టిపోస్తే, "దర్శనమైతే అయింది గదా" అన్నాడట.

ఇవేవీ తెలియకుండా, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న 2011లో, నేనూ, అంతయ్య అనే మా పెద్దనాన్నా మల్కాజ్‌గిరి నుంచి పెళ్లిచూపులకు బయలుదేరాం. పిల్ల పేరు భానుప్రియ, ఇల్లు మీర్‌పేట్. తండ్రి లేని నాకు పెద్దనాన్న మాటే వేదం. ఆ వేదం అప్పటికే రెండు సంబంధాలు తిరగ్గొట్టింది. ఒక ఇంట్లో చాయ్‌లో చక్కెర తక్కువైందని, ఇంకో ఇంట్లో కుక్క ఆయన్ని చూసి మొరిగిందని. ఈసారి మాత్రం ఫొటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ పిల్ల కూడా తప్పిపోతే ఇక పెళ్లే వద్దనుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగగానే పెద్దనాన్న, చేతిలో అరటిపండ్ల సంచీ ఉన్న ఒకాయన్ని పట్టుకున్నాడు.

"అన్నా, మీర్‌పేట్ ఎట్ల పోవాలె?"

ఆ మనిషి ముఖం వెలిగిపోయింది. "సీదా పోకుండ్రి. గా తొవ్వల రాస్తారోకో ఉన్నది. ఎల్‌బీ నగర్ బస్సెక్కి ఆడ దిగుండ్రి. కర్మన్‌ఘాట్ మీదికెంచి జల్ది పోతరు. నా మాటినుండ్రి."

మేం ఔనూ కాదూ అనేలోగా మమ్మల్ని బస్సులోకి తోసి, కండక్టరుకు అప్పజెప్పి మరీ పంపాడు.

రాస్తారోకో ఉన్నది ఎల్‌బీ నగర్‌లోనే. చౌరస్తా నడిబొడ్డున రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పుచారు వండుతున్నారు. వంటావార్పు. డప్పులు మోగుతున్నాయి. ఆగిన బస్సుల్లోంచి అందరినీ దింపి విస్తర్లు వేస్తున్నారు. పెద్దనాన్న మొదట సంబరంగానే ఉన్నాడు. "జై తెలంగాణ" అని అరిచి అరిచి, అరిచినప్పుడల్లా వడ్డించుకున్నాడు. పప్పుచారు తెల్లధోతి మీద ఒలికి, మధ్యాహ్నం దాటినా బస్సు కదలకపోయేసరికి ఆయనకు పూనకం వచ్చింది.

"తెలంగాణ కోసమైతే ఏండ్లకేండ్లు కూసుంట. గా అరటిపండ్లోని కోసం నేనెందుకు కూసోవాలెరా?"

ఆటోలు కూడా బంద్. ఇక నడక. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి బయటి నుంచే దండం పెట్టి, కొత్త చెప్పులు కరిచిన కాళ్లతో నేను కుంటుకుంటూ మీర్‌పేట్ చేరాను. పిల్ల ఇంటి తలుపు తట్టాం. తలుపు తీసింది అరటిపండ్ల మనిషే, పిల్ల తండ్రి పోచయ్య.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దనాన్నకు చూపు సరిగా ఆనదు గానీ, చెవులు మాత్రం పాము చెవులు. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"ఏం చెప్పాలె బావా, ఎవడో అరటిపండ్లోడు ఎల్‌బీ నగర్ పంపి పరేషాన్ చేసిండు. మొఖమైతే యాదికి లేదు. గొంతు ఇంటే మాత్రం పట్టుకుంట, ఇడిచిపెట్ట."

పలకరించబోయి నోరు తెరిచిన పోచయ్య అట్లాగే మూసేశాడు. భుజం మీది తువ్వాలు తీసి దవడకు గట్టిగా చుట్టుకుని, పన్ను చూపించి మూలిగాడు.

"ఇప్పటిదంక మంచిగనే ఉన్నడు గదా!" అంది ఆయన భార్య స్వరూపరాణి. పోచయ్య ఇంకాస్త గట్టిగా మూలిగాడు. నేను తల వంచుకున్నాను. పిల్ల కోసం ఆ పంటినొప్పిని నేను కూడా నమ్మదలచుకున్నాను.

స్వరూపరాణి లడ్డూలు, అరటిపండ్లు ఉన్న పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. "అరటిపండ్లు మాత్రం ఒద్దు చెల్లె," అన్నాడు పెద్దనాన్న. భానుప్రియ చాయ్ తెచ్చింది. ఫొటో కంటే బాగుంది. నా కుంటుడు చూసి నవ్వు ఆపుకుంది గానీ, లోపలికెళ్లి కొబ్బరినూనె తెచ్చి నా పక్కన పెట్టింది. చక్కెర సరిపోయింది. కుక్క లేదు. పెద్దనాన్న మీసం దువ్వుకుంటున్నాడంటే మెత్తబడ్డట్టే. నేను లోలోపల హనుమంతుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

అప్పుడు పెద్దనాన్న లేచాడు. "ఇగ పోతం. ఒరే జైపాల్, మనం చంపాపేట్ పోయి ఆడ సికింద్రాబాద్ బస్సెక్కుదాం."

పోచయ్య కుర్చీ అంచుకు జరిగాడు.

"లేకుంటే మల్ల ఎల్‌బీ నగర్ పొయ్యి, ఆడికెంచి..."

పోచయ్య తువ్వాలు కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపు ఓర్చుకోవయ్యా అని నేను కళ్లతోనే కాళ్లు మొక్కాను.

"సరే, చంపాపేటే పోదాం," అన్నాడు పెద్దనాన్న.

"చంపాపేట్ కాదు బావా!" తువ్వాలు ఎగిరి పడింది. "ఉల్టా ఐతది! సీదా దిల్‌సుఖ్‌నగర్ పోండ్రి, నా మాటినుండ్రి!"

పెద్దనాన్న మెల్లగా అటు తిరిగాడు.

"గీ గొంతు పొద్దుగాల ఇన్న," అన్నాడు. "లేవరా జైపాల్. తొవ్వ తెల్వకున్నా తెలుసనే ఇంట్ల మనకు సంబంధం వద్దు."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే వచ్చింది. "పెద్దనాయినా, ఆయనే అని నాకు గడపల్నే తెలుసు. పిల్ల నచ్చి చెప్పలే," అన్నాను. అది అగ్గిలో నెయ్యి పోసినట్టయింది. ఆయన చెప్పులు వేసుకుంటూ, గుమ్మం దగ్గర నిలబడ్డ భానుప్రియ మీదికి తిరిగాడు.

"నువ్వు గూడ గంతేనా? నువ్వు చెప్పు, ఇప్పుడు మల్కాజ్‌గిరి పోనీకి ఏ బస్సెక్కాలె?"

"తెల్వదు పెద్దయ్యా," అంది ఆ పిల్ల. "ఇయ్యాల ఏ రోడ్డు బంద్ పెట్టిండ్రో, ఏది ఇడిచిండ్రో ఎవరికి తెలుసు? జర కూసోండ్రి. స్టాపు కాడికి పొయ్యి కనుక్కొని ఒస్త."

పెద్దనాన్న ఒక చెప్పు కాలికుండగానే ఆగిపోయాడు. ఆమెను చూశాడు. పోచయ్యను చూశాడు. చెప్పు విడిచి మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"చెల్లే, ఇంకో చాయ్ పొయ్యి. గీ ఇంట్ల తెల్వదు అనేటోళ్లు ఒకరన్న ఉన్నరు. మావోని తరఫున సంబంధం ఖాయం, పిల్ల ఊ అంటే."

పిల్ల ఊ అంది. పోచయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముక్కు తుడుచుకుని, "మరి బావా, పెండ్లికి మీ చుట్టాలు ఏ బస్సుల ఒస్తరంటే..." అని మొదలుపెట్టాడు.

భానుప్రియ పళ్లెంలోంచి ఒక లడ్డు తీసి తండ్రి నోట్లో కుక్కింది. ఈ పిల్లతో నా బతుకు దారి తప్పదని నాకు అప్పుడే అర్థమైంది.