మామ్మకు సముద్రం అవతల ఒక తమ్ముడు

రాష్ట్రం విడిపోతుందా లేదా అని టీవీలు గొంతు చించుకుంటున్న ఏడాది, శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డునున్న మా ఊరికి నలుగురు శాస్త్రవేత్తలు ఉమ్మి కోసం వచ్చారు. వేల ఏళ్ళ కిందట ఈ తీరం నుంచి ఓడల్లో ఎవరు ఎటు వెళ్ళారో జన్యువుల్లో వెతుకుతారట. శ్రీకాకుళం కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి, వాళ్ళ తెలుగును మా తెలుగులోకి మార్చే పని నామీద పడింది.

అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది మా మామ్మ, నాన్న తల్లి. ఆమె కడుపులో ఉండగానే వాళ్ళయ్య రంగూన్ ఓడెక్కాడు. మా ఊళ్ళో రంగం అంటారు. తిరిగి రాలేదు. అక్కడ ఇంకో కాపురం పెట్టాడనీ, కొడుకు పుట్టాడనీ వెనక్కొచ్చిన వాళ్ళెవరో చెప్పారు. ఆ ఒక్క మాటతో మామ్మ జీవితమంతా ఒక తమ్ముణ్ణి పెంచుకుంటూ వచ్చింది. మా అత్తల పెళ్ళిళ్ళకు మాత్రం మేనమామను పక్కింటినుంచి అరువు తెచ్చారు.

"ఒరే, నాకు పుట్టిల్లు ఉన్నాదో నేదో ఇందల తెలిసిపోతాదా?"

"అది కాదు మామ్మా, ఇది పాతకాలపోళ్ళ గురించి."

"మా అయ్య పాతకాలపోడు కాదేటి?"

పరీక్షకు అరగంట ముందు చుట్ట మానాలన్నారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే మనిషి; తాత పోయిన రోజున కూడా మానలేదు. ఆ రోజు మానింది. సీసాలో ఉమ్మి, మూత తనే బిగించి, "ఒలకబొయ్యకు నాయినా" అని అప్పగించింది.

రెండేళ్ళ తర్వాత విజయనగరంలో సభ పెట్టి ఫలితాలు చూపించారు. తెరమీద పటం, మా తీరం నుంచి ఎక్కడో తూర్పు దీవుల దాకా ఒక ఎర్ర బాణం. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మర్నాడు ఊరెళ్ళాను.

"ఏటన్నారు?"

"వేల ఏళ్ళ కిందట మనోళ్ళు ఓడలెక్కి ఎల్లిపోయి, అక్కడే కాపురాలు పెట్టీసేరంట."

"దానికింత సదువేల? మా అయ్యనడిగితే సెప్పీవోడు. మరి నా తమ్ముడు?"

"సీసాలమీద పేర్లు నేవు మామ్మా, నంబర్లే. ఆ లెక్కలో ఒక్కో మనిషి కనబడడు."

మామ్మ కాసేపు సముద్రం వైపు కాకుండా నా వైపే చూసింది. అది ఇంకా కష్టం.

"ఎప్పుడో పోయినోళ్ళు దొరికీసేరు, నిన్నగాక మొన్న పోయినోడు దొరకనేదన్నమాట. పోనీ, ఆ ఒడ్డునున్నోళ్ళకేనా సెప్పేరేటి, ఇక్కడ నానున్నానని?"

ఆ దీవులకూ రంగానికీ సంబంధం లేదని చెప్పడానికి నోరు రాలేదు. పని ఉందని లేచాను. ఆ రోజు ఆదివారం.