రైట్ బ్యాక్ ఒక్కరే చాలు

క్యాంపులో మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. నా స్నేహితురాలిది తాడేపల్లిగూడెం కాబట్టి తను "గూడెం", నేను "కొల్లేరు". దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆడపిల్లల్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఏలూరులో ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం, ఒకే గ్రౌండులో ఫుట్‌బాల్ నేర్చుకున్నాం. దురదృష్టం ఏంటంటే ఇద్దరం ఆడేదీ ఒకే చోట. రైట్ బ్యాక్, మన గోలుకి కుడి పక్కన కాపు కాసే చోటు.

పొరుగు దేశాల అమ్మాయిల జట్లన్నీ కలిసి ఆడే టోర్నమెంటు అది, పదహారేళ్ళ లోపు వాళ్ళకి. జట్టు బయల్దేరే ముందు, రాత్రి భోజనాల దగ్గర కోచ్ మేడమ్ మా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచేది కాదు.

"రైట్ బ్యాక్ ఒక్కరే చాలు నాకు. రేపు సాయంత్రం మీరిద్దరూ ఎదురెదురు జట్లలో ఆడండి. ముందు గూడెం బంతితో వస్తుంది, కొల్లేరు ఆపాలి. తర్వాత కొల్లేరు వస్తుంది, గూడెం ఆపాలి. ఓడినామె ఇంటికి వెళ్ళచ్చు."

ఆ తర్వాత నన్ను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచింది. "నీకు ఆట వచ్చు, కసి లేదు. భయం వేస్తే ఇప్పుడే చెప్పు, టికెట్ తీయిస్తాను," అంది.

మర్నాడు సాయంత్రం ఆ ఆటకి వెళ్ళే ముందు ఎప్పట్లాగే నేను తనకి జడ వేశాను, తను నాకు వేసింది. ఆ రోజు మరీ బిగించి లాగింది.

"నొప్పి పుడుతోందే," అన్నాను.

"ఊడదులే," అంది.

మొదటి హాఫ్‌లో తను నన్ను దాటలేకపోయింది. ఎటు తిరుగుతుందో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఒకసారి బంతి కాస్త ముందుకి తన్నుకుని కాలు చాపేసింది. మోకాలు నా ఎదురుగా ఉంది. నేను నేల మీద జారుతూ వెళ్ళి తన్ని ఉంటే బంతితో పాటు తన కాలూ పోయేది. ఆగిపోయాను. బంతి బయటికి పోయింది. గీత దగ్గర నిలబడ్డ మేడమ్ తల అడ్డంగా ఊపడం చూశాను.

రెండో హాఫ్‌లో నా వంతు. తనని ఒకసారి దాటాను, రెండోసారి దాటాను. మూడోసారి బంతి నా కాలి దగ్గర లేనే లేదు, ఎప్పుడో పక్కమ్మాయికి ఇచ్చేశాను. తను అప్పుడొచ్చింది, రెండు కాళ్ళూ ముందుకి పెట్టి, నా చీలమండ మీదకి. విరిగిన చప్పుడు నాకు వినపడలేదు. అంత దూరంలో ఉన్న గోల్‌కీపర్‌కి వినపడిందట.

మేడమ్ విజిల్ వేసింది. పరిగెత్తుకుని రాలేదు. "ఆ అమ్మాయిని గీత బయట పడుకోబెట్టండి," అని, మిగతా పిల్లల వైపు తిరిగి, "చూశారుగా, నాకు కావలసింది ఇదే," అంది. ఆట మళ్ళీ మొదలైంది.

కాసేపటికి బంతి నా పక్కనుంచే బయటికి పోయింది. త్రో వెయ్యడానికి గూడెమే వచ్చింది. తన బూట్లు నా చెవికి జానెడు దూరంలో ఉన్నాయి. బంతిని జెర్సీకి తుడుచుకుంది, విసిరింది, పరిగెత్తింది. కిందకి చూడలేదు.

జట్టు వెళ్ళిపోయింది. ఖాళీ అయిన క్యాంపులో సిమెంటు కట్టుతో నాన్న కోసం ఎదురుచూశాను. కొల్లేరు లంకలో చేపల చెరువుకి కాపలా ఉండే మనిషి ఆయన, బెజవాడ దాటి ఎన్నడూ వెళ్ళలేదు. రైళ్ళు మారి, దారి అడుగుతూ వచ్చాడు. వస్తూనే గేటు దగ్గర కనపడ్డ అసిస్టెంట్ కోచ్‌కి రెండు చేతులూ జోడించి, "మా పిల్లని బాగా చూసుకున్నారండీ, మీ మేలు మర్చిపోమండీ," అన్నాడు. ఆ కోచ్‌కి తెలుగు రాదు. చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఏలూరు స్టేషన్లో నాన్న నన్ను వీపు మీద ఎక్కించుకుని మెట్లు దిగాడు.

నేను ఎంపికైనప్పుడు ఊరి మొదట్లో నా ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మేం వచ్చేసరికి అది అక్కడ లేదు. వాన మొదలైందని చెరువు యజమాని మనిషి దాన్ని విప్పి, గట్టు మీద చేపల మేత బస్తాల మీద కప్పాడు. నా మొహం మీద ఒక ఇటుక పెట్టాడు, గాలికి ఎగరకుండా. ఆ బస్తాలకి కాపలా మా నాన్నే.

మ్యాచ్‌లు ఫోనులో వచ్చేవి. ఫైనల్ రోజున చర్చి వరండాలో అందరూ ఒక ఫోను చుట్టూ చేరారు. నన్నూ కుర్చీతో సహా ఎత్తి తీసుకెళ్ళారు. గోల్‌లో పడబోతున్న బంతిని చివర్లో గూడెం గీత మీద కాలు అడ్డం పెట్టి ఆపింది. మనవాళ్ళు గెలిచారు. వరండా అంతా ఈలలు.

"ఏవండీ వదినగారూ," అంది పక్కింటావిడ మా అమ్మతో, ఎంతో మెత్తగా. "మీ అమ్మాయి ఆడాల్సిన చోట ఆడింది ఆ పిల్లేనాండీ? ఎంత చలాకీగా ఉందండీ! పోన్లెండి, మన పక్క పిల్లే కదా."

అమ్మ నవ్వింది. "అవునండీ," అంది.

తాడేపల్లిగూడెంలో తనకి ఊరేగింపు చేశారు. నన్నూ పిలిచారు. చంక కర్రలతో స్టేజీ ఎక్కాక మైకు నా నోటి దగ్గర పెట్టి, స్నేహితురాలి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "గట్టిగా ఆడుతుందండీ," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తను కూడా కొట్టింది.

తర్వాత ఒక ఆదివారం మిఠాయి పొట్లంతో బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. అమ్మ కొరమీను పులుసు పెట్టింది. అమ్మ వంటింట్లో ఉండగా తనే మొదలెట్టింది.

"కావాలనే కొట్టానే."

"తెలుసు."

"ముందురోజు మేడమ్ పిలిచింది. కసి లేదు, ఇంటికెళ్ళిపో అంది."

"నన్నూ పిలిచింది."

ఆ సంగతి తనకి తెలియదు. "మరి నువ్వెందుకు కొట్టలేదు? మొదటి హాఫ్‌లో నా కాలు నీ ముందే ఉందిగా."

"చెయ్యలేకపోయాను."

"అందుకే నువ్విక్కడున్నావు," అంది. వెక్కిరింతగా కాదు. లెక్క తప్పు చేసిన పిల్లకి టీచరమ్మ చెప్పినట్టు. ఏడుస్తుందేమో, చెయ్యి పట్టుకుంటుందేమో అని నేను అనుకున్నాను. అన్నం ఇంకొంచెం పెట్టమని అమ్మని అడిగింది. అమ్మ పెట్టింది. ముల్లు జాగ్రత్తమ్మా అని కూడా చెప్పింది.

తనని బస్సు ఎక్కించి వచ్చాక అమ్మ కంచాలు తీస్తూ నా దగ్గర ఆగింది. ప్రతి ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి, నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనని మనిషి.

"అంతా విన్నాను," అంది. "ముందు నువ్వే కొట్టేసి ఉండాల్సింది."

అని కంచాలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. నా కాలు ఆ వేసవికి అతుక్కుంది, కొంచెం వంకరగా.