డాక్టరు చెప్పిన రెండో మాట

ఏళ్ల తరబడి ఒక మాటను నాలుక కింద పెట్టుకుని బతికాను. మింగలేను, ఉమ్మలేను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. మొహం తెలిసిన వాళ్లకైతే ఈపాటికి ఏదో ఒక సాకు కలిపి చెప్పేదాన్ని.

మాది మైదుకూరు. అత్తగారింట్లో పసుపు వ్యాపారం, ఇంటి వెనకే మర. ఎండిన పసుపు కొమ్ములు పెద్ద డ్రమ్ములో తిరిగి నునుపు తేలుతాయి, పక్కనే పొడి ఆడతారు. గాలి నిండా పసుపే. ఆరేసిన చీరలకు, గోడ మీది బల్లికి కూడా అదే రంగు. మా ఆయనకు అంగడే లోకం. పిల్లలు పుట్టలేదు. ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు, ఎస్తేరు మరలో పనికి వచ్చేదాకా.

నాకంటే చిన్నది. భర్త పోయాడు. ఆదివారాలు చర్చిలో పాడేది, మిగతా రోజులు జల్లెడ పడుతూ పాడేది. మర చప్పుడును దాటుకుని ఆ గొంతు వంటింట్లోకి వచ్చేది. నేను పొయ్యి దగ్గర చెయ్యి ఆపి వినేదాన్ని. మధ్యాహ్నం వెనక వసారాలో ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆమె తెచ్చుకున్న జొన్నరొట్టెలో, మా అత్తకు కనపడకుండా, సగం నాది.

ఆమెకు చిన్నప్పటినుంచి ఉబ్బసం. మరలో చేరాక ఎక్కువైంది. ఛాతీలో పిల్లికూతలు. పసుపు తాగితే రొమ్ము శుభ్రమవుతుందని మా అత్త అనేది. నేనూ నమ్మి, రోజూ పొద్దున్నే పసుపు, మిరియాలు వేసి పాలు కాచి ఇచ్చేదాన్ని. తాగిన కాసేపు హాయిగా ఉందనేది.

ఒక వానాకాలం ఆమెకు ఊపిరి అందలేదు. నేనే కడపకు తీసుకుపోయాను. ఆమెకు ఆవిరి మందు పెట్టి, డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు. పసుపు పాలు ఇవ్వొచ్చా అని అడిగాను. తాగితే తప్పులేదు, పసుపుకు వాపు తగ్గించే గుణం ఉందంటారు, కానీ ఉబ్బసానికి అదే మందనుకోవద్దు, పీల్చే మందు రోజూ వాడాలి అన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి రెండో మాట చెప్పాడు. అన్నిటికంటే ముందు ఆ మరలో పని మానిపించమన్నాడు. పసుపైనా సిమెంటైనా, ఊపిరితిత్తులకు దుమ్ము దుమ్మే అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎస్తేరు అడిగింది.

"డాక్టరు ఏం చెప్పినాడక్కా?"

"పసుపు పాలు మంచిదే అన్నాడు."

"చూస్తివా, నువ్వు చెప్పిందే నిజమాయె! మరి పనికి పోవచ్చునా? వద్దంటే చెప్పు. రాయచోటిలో మా అన్న కాడికి పోతా. శానా దినాల్నుంచి రమ్మంటాండాడు."

రాయచోటి. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"పోవచ్చులే," అన్నాను.

అంతే. పీల్చే మందు కొనిచ్చాను, అబద్ధం కాదు. అయితే, అది అలవాటైతే ఇక విడవదని ఎవరో ఆమెను భయపెట్టినప్పుడు, కాదని గట్టిగా చెప్పలేదు. మందు మాట ఎత్తితే దుమ్ము మాట వస్తుందని భయం. పనిమనిషి పోతుందని దాచలేదు నేను, ఎస్తేరు పోతుందని దాచాను. దీన్ని ప్రేమ అనొచ్చా? మనిషిని దగ్గర ఉంచుకోవడానికి, ఊపిరాడని చోటే నిలబెట్టడాన్ని ఏమంటారు?

ముందు ఆమె పాటలో చరణాలు తగ్గాయి. తర్వాత పల్లవి దగ్గరే ఆగిపోయేది. తర్వాత పెదవులు మాత్రమే కదిలేవి. చూస్తూనే ఉన్నాను. పాలలో పసుపు ఇంకాస్త ఎక్కువ వేశాను. చివరికి ఒకరోజు డ్రమ్ము పక్కనే కూలబడింది. ఆసుపత్రి నుంచే వాళ్లన్న రాయచోటికి తీసుకుపోయాడు.

అక్కడ మందు సరిగ్గా వాడుతోంది. పిల్లికూతలు తగ్గాయి, కానీ పోయిన ఊపిరి పూర్తిగా రాలేదు. మెట్లు ఎక్కలేకపోతోంది. చర్చిలో వెనక వరుసలో కూర్చుంటుందట. అప్పుడప్పుడు ఫోను చేసేది. "ఈడ అందరికీ నీ పసుపు పాల గురించే చెప్తాండానక్కా," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మాట మార్చేదాన్ని.

పోయిన నెల తట్టుకోలేకపోయాను. "ఆ పొద్దు డాక్టరు ఇంకో మాట కూడా చెప్పినాడు ఎస్తేరూ," అని మొదలుపెట్టి, అంతా చెప్పేశాను. అవతల ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత అడిగింది.

"పొద్దున్నే పాలిస్తాంటివి కదక్కా. అది కూడా అందుకేనా?"

కాదు అనబోయాను. ఫోను పెట్టేసింది.

కాదా? మొదట్లో ఇచ్చిన పాలు ప్రేమతోనే ఇచ్చాను, అది నాకు తెలుసు. కడప నుంచి వచ్చిన మర్నాడు ఇచ్చినవి? ఆలోచించే కొద్దీ ఏ గ్లాసు ఎలాంటిదో విడదీయలేకపోతున్నాను.

ఇప్పుడు ఆమె ఫోను చేయదు. నేను చేస్తే ఎత్తదు. ఆమెను పోగొట్టుకోకూడదనే దాచాను. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగను, ఆ హక్కు మీది కాదు. నాకు కావలసింది ఆమె గొంతు. చివర్లో ఉన్న ఆ ఆయాసపు గొంతైనా సరే. అది రాదు. చెప్పుకున్నాను, ఈ పూటకు అదే చాలు.