మైక్రోస్కోపుకు పెట్టిన బొట్టు

ఈ రోజు శామీర్‌పేటలో మా బిడ్డ పనిచేసే ల్యాబులో ఆయుధ పూజ జరిగింది. ఇంటివాళ్లనూ పిలిచారు. జీవకణాలను చూసి కొలిచే ఆమె మైక్రోస్కోపు కనబడగానే నాకు సంతోషం ఆగలేదు. ఎవరినీ అడక్కుండా, మా ట్రాక్టరుకు పెట్టినట్టే దండిగా కుంకుమబొట్టు పెట్టాను. తీరా చూస్తే ఈ రకం దానికి లెన్సులు కింద ఉండి పైకి చూస్తాయట. రాలిన కుంకుమంతా వాటి మీదే పడింది.

వాళ్ల సారు వచ్చి, "ఎవరు చేశారిది?" అన్నాడు.

"నేనే సార్. మా బాపు వద్దన్నడు, నేనే ఇనలే," అంది బిడ్డ.

ఇక దాన్ని ముట్టుకోవద్దని ఆమెకే చెప్పాడు. నేను పక్కనే తల దించుకుని నిలబడ్డాను.

సెలవులయ్యాక వెళ్లి సారుకు నిజం చెబుతానంటే, "నన్ను అబద్ధాలదాన్ని జేస్తవా బాపూ?" అంటోంది. మీరైతే అంత మంచి బిడ్డ మాట వింటారా, వెళ్తారా?