వేర్లు కడిగే లచ్చమ్మ

మెట్టుగూడ లచ్చమ్మ ఉద్యోగం ఏమిటో వాడలో చాలామందికి అర్థమయ్యేది కాదు. ఊరి చివర ఉన్న పంటల పరిశోధన కేంద్రంలో ఆమె ఇరవై రెండేళ్లుగా వేర్లు కడుగుతోంది. పొలంలో గొట్టాలు దించి తీసిన మట్టిని నీళ్లలో నానబెట్టి, జల్లెడలో పోసి, మిగిలిన వేర్లను పట్టకారుతో ఏరి తెల్లటి పళ్లెంలో పరచడం ఆమె పని. కంది వేరునూ గడ్డి వేరునూ చూపుతోనే విడదీసేది.

రెండువేల సంవత్సరంలో ఆ కేంద్రానికి సత్యవేణి వచ్చింది. విజయనగరం వైపు అమ్మాయి. తోటివాళ్లంతా అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరుతుంటే, ఈమె కంప్యూటర్‌లో కంది వేర్లు పెంచే పనిలో చేరింది. వాన, మట్టి, ఎండల లెక్కలిస్తే వేరు ఏ రోజుకు ఎంత లోతు దిగుతుందో ఆ ప్రోగ్రాం చెప్పాలి. అడుగున్నర లోతు దాకా బాగానే చెప్పేది. ఆ కిందికి వెళ్తే లచ్చమ్మ కడిగి ఇచ్చిన వేర్ల తూకంతో సరిపోయేది కాదు. మూడు నెలలుగా అదే తంటా.

ఒకరోజు వేర్ల పొట్లాలు ఇవ్వడానికి లచ్చమ్మ కంప్యూటర్ గదికి వెళ్లింది. తెర మీద బొమ్మ చూసి నవ్వేసింది.

"గిదేంది బిడ్డా? కంది వేర్లు దువ్వెన పండ్ల లెక్క గిట్ల సక్కగ పోతయా?"

"మరెలా వెళ్తాయమ్మా?" సత్యవేణి కుర్చీ ఆమె వైపు తిప్పింది.

"నల్లరేగడి ఎండితే పగుళ్లు వడతది గద. గా సందులల్లకెళ్లి దిగుతయ్. పాత జొన్న వేరు కుళ్లిన బొక్క దొరికితే దాంట్లకెళ్లి సుత పోతయ్. గట్టి గడ్డల మాత్రం ఒక్క వేరుండది."

"మీకెలా తెలుసు?"

"నానబెట్టే ముందు గడ్డ పగలగొట్టేది నేనే గద. పగులు గోడకు అతుక్కొని చప్పటిగ ఉంటయ్. నీళ్లల్ల ఏస్తే అంత కలిసిపాయె."

ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అడగలేదు.

సత్యవేణి ఆమెను వెంటబెట్టుకుని పైఅధికారి రామ్మోహనరావు దగ్గరికి వెళ్లింది. ఆయన కాసేపు నసిగి, చివరికి కందిచేలో గొయ్యి తవ్వడానికి ఒప్పుకున్నాడు. నిలువులోతు గొయ్యి. దాని గోడకు ప్లాస్టిక్ కాగితం అతికించి, వేరు కనిపించిన చోటల్లా లచ్చమ్మ చుక్క పెట్టింది. నాలుగు రోజులు పట్టింది. చుక్కలు చాలావరకు పగుళ్ల వెంట బారులు తీరాయి. అయితే గట్టి గడ్డల్లోనూ అక్కడక్కడా పోగుల్లాంటి సన్నటి వేర్లు కనిపించాయి. లచ్చమ్మ వాటిని వదిలేయలేదు.

"నేను లేవన్న గని ఉన్నయ్ బిడ్డా. రాస్కో," అని చుక్కలు పెట్టింది.

సత్యవేణి ప్రోగ్రాంలో పగుళ్లను చేర్చింది, గడ్డల్లో వేర్లకు కొద్దిగా చోటిచ్చింది. నెల తిరిగేసరికి లోతు లెక్కలు దగ్గరికొచ్చాయి. నివేదిక రాసేటప్పుడు రామ్మోహనరావు లచ్చమ్మను పిలిపించాడు.

"నీ పేరు రాయాలి. లక్ష్మమ్మ అని రాయనా?"

"లచ్చమ్మ అని రాయుండ్రి సార్. అందరు గట్లనే పిలుస్తరు."

ఆ వారం లచ్చమ్మ తన భర్త సోమయ్యను కేంద్రానికి తీసుకొచ్చింది. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి. తెర మీద వేర్లు పగుళ్లు వెతుక్కుంటూ దిగుతుంటే ఆయన కళ్లార్పకుండా చూశాడు.

"నీళ్లెవరు పోస్తున్నరమ్మా వీటికి?" అని అడిగాడు.

"పోయినేడు పడిన వానేనండీ. ఏ రోజు ఎంత పడిందో ఇందులో ఉంది," అంది సత్యవేణి.

సోమయ్య భార్య వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు ఒట్టిగ మన్ను కడుగుతున్నవనుకున్ననే."

"ఇప్పుడు తెలిసింది గద. నడువు, తిందాం," అంది లచ్చమ్మ.

ముగ్గురూ బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. లచ్చమ్మ జొన్నరొట్టెలు విప్పి, సత్యవేణికి వద్దన్నా రెండు వేసింది.